రెడీమేడ్ వద్దన్న మాస్టారు

"ఈ కొలత ఎవరు తీశారు?"

ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట ఇదే. నమస్కారం లేదు, డాక్టరుగారూ అన్న పిలుపూ లేదు. స్కాన్ ఫిల్మును కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని, నావైపు చూడకుండానే అడిగింది.

"నేనే," అన్నాను కాస్త గర్వంగా.

"నిలబెట్టా, పడుకోబెట్టా?"

"పడుకోబెట్టేనండీ. స్కానంటే అంతే కదా."

"మా షాపులో ఎవర్నీ పడుకోబెట్టి కొలవం."

పక్క కుర్చీలో వాళ్ల నాన్న ఉన్నారు. టైలరు. కోటు కుట్టించుకున్న ప్రతివాళ్లూ ఆయన్ని మాస్టారు అనే పిలుస్తారు. కడుపులో రాళ్లున్నాయేమోనని స్కాన్ చేయించుకుంటే, రాళ్లు లేవుగానీ పొట్టలోని పెద్ద రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బి కనిపించింది. నొప్పి లేదు. దాంతో వచ్చిన చిక్కే అది. పగిలేదాకా ఉలుకూ పలుకూ ఉండదు, పగిలాక మనకి టైముండదు.

నేను వివరించాను. పొట్ట కోయక్కర్లేదు. గజ్జల్లో రెండు చిన్న రంధ్రాలు చాలు. సన్నగా మడిచిన గుడ్డ గొట్టాన్ని అక్కణ్ణుంచి రక్తనాళంలోకి పంపి, ఉబ్బిన చోట విప్పుతాం. ఇక రక్తం అందులోంచే పోతుంది, ఉబ్బిన గోడ మీద ఒత్తిడి పడదు.

"అంటే లోపల లైనింగ్ వేస్తారన్నమాట," అంది అమ్మాయి.

"సరిగ్గా అంతే!"

అప్పుడు చూసింది నావైపు. ఆ చూపుకి నేను చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ మర్చిపోయాను.

"ఆ లైనింగు ఎవరి కొలతకి కుడతారు?" మాస్టారు నోరు విప్పారు.

"కంపెనీ నుంచి సైజుల్లో వస్తుందండీ. మీకు సరిపోయేది మేం ఎంచుతాం."

"రెడీమేడా!" ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. "నలభై ఏళ్లుగా ఒంటిమీద రెడీమేడ్ పడనివ్వలేదు. ఒంట్లోకి రానిస్తానా? పద తల్లీ."

గుమ్మం దగ్గర ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది. నవ్వుతుందనుకున్నాను.

"మీ కోటు భుజాలు జారిపోతున్నాయి," అని వెళ్లిపోయింది.

మా పెద్ద డాక్టరు మేడమ్ ఫిల్ము చూసి నాకు క్లాసు పీకారు. "ఆరు సెంటీమీటర్లుందయ్యా! ఇంటికి పంపించే కేసా ఇది? నువ్వే వెళ్లు. ఎలాగోలా ఒప్పించు."

జీవితంలో ఇంత మంచి ఆర్డరు నాకెవరూ వేయలేదు.

సాయంత్రం కోటు చంకన పెట్టుకుని, విద్యార్థులకి చూపించే శాంపిల్ గొట్టం ఒకటి జేబులో వేసుకుని బయల్దేరాను. దారిలో వాన పట్టుకుంది. షాపు చేరేసరికి తడిసి ముద్దయ్యాను. అమ్మాయి పెదాల మధ్య గుండుసూదులున్నాయి కాబట్టి ముందు మాట్లాడే అవకాశం నాకు దొరికింది. ఏం లాభం, మాట రాలేదు.

ఆమే సూదులు తీసి అడిగింది. "నాన్న కోసమా, కోటు కోసమా?"

"రెండింటికీ."

"రెండింటికేనా?" అని మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. నా చెవులు వేడెక్కాయి.

మాస్టారు శాంపిల్ అందుకుని, కళ్లజోడు మార్చుకుని, అలవాటు కొద్దీ కుట్లు విప్పే కత్తి తీశారు.

"నాన్నా! అది హాస్పిటల్‌ది!"

అమ్మాయి అరిచేలోపే ఒక కుట్టు మీద కత్తి ఆనింది. ఊడలేదు. ఇంకాస్త గట్టిగా లాగారు. ఊహూఁ.

"ఏ మిషను మీద కుట్టారిది?"

"చేత్తోనండీ. భూతద్దం పెట్టుకుని, ఒక్కొక్క కుట్టూ."

"చేత్తోనా?" మాస్టారు దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చుండిపోయారు.

మిషను ఆగింది. "నాన్నా, నాకు భయంగా ఉంది," అంది అమ్మాయి. ఆ గొంతులో వేళాకోళం ఎక్కడా లేదు. "నువ్వు దగ్గితే చాలు, నా ప్రాణం పోతోంది. చేయించుకో."

ఆయన కూతురి మొహం చూశారు, తర్వాత నా మొహం చూశారు.

"ఎప్పుడు రమ్మంటావు బాబూ?"

ఆపరేషను దాకా నా కోటుకి ఏదో ఒక రోగం వస్తూనే ఉంది. ఒకరోజు జేబు, ఒకరోజు గుండీ.

"గుండీ ఊడిపోయిందండీ."

"కత్తెరతోనా?" అంది దారం చివర చూసి.

ఆపరేషను రోజు గజ్జల దగ్గర మాత్రమే మత్తు ఇచ్చాం. మాస్టారి నోటికి ఇవ్వకపోవడం మా పొరపాటు. పని మొదలైన దగ్గర్నుంచి మా అందరి గౌన్ల కుట్టు మీద వ్యాఖ్యానం నడుస్తూనే ఉంది. గొట్టం సరైన చోట విచ్చుకుంది. ఇక రంగుమందు ఎక్కించి, ఎక్కడా లీకు లేదని ఎక్స్‌రేలో చూసుకోవాలి.

"మాస్టారూ, ఊపిరి బిగపట్టండి," అన్నాను.

"ఆగు బాబూ. ఒకటి అడగాలి."

"తర్వాత అడుగుదురుగాని."

"ఇప్పుడే. నీ గుండీలు రోజూ ఎందుకు ఊడుతున్నాయి?"

సిస్టరు మాస్కు వెనక కిసుక్కుమంది.

"మాస్టారూ, కదలకూడదండీ..."

"కదలట్లేదు. ఊపిరి పీలుస్తున్నానంతే. మా అమ్మాయంటే ఇష్టమా?"

మానిటర్లో గుండె చప్పుడు నింపాదిగా వినిపిస్తోంది. నయం, అది నాది కాదు.

"చెప్పవయ్యా," అన్నారు మేడమ్ తెర మీంచి కళ్లు తీయకుండా. "ఎక్స్‌రేకి అడ్డు కట్టిన ఈ సీసం ఏప్రన్ బరువుకి నా నడుం పడిపోతోంది."

"ఇష్టమండీ. చాలా."

"మరి దానికి చెప్పావా?"

"లేదండీ. మీ ప్రాణం మా చేతుల్లో ఉండగా అడిగితే, మొహమాటానికి ఔనంటుందేమోనని... మీకు నయమయ్యాక అడుగుదామని."

మాస్టారు కళ్లు మూసుకున్నారు. "సరే. బిగపడుతున్నా."

తెర మీద నల్లటి రంగు గొట్టంలోంచి జారి, రెండు కాళ్లవైపూ చీలి పోయింది. బయటికి ఒక్క చుక్క రాలేదు.

"అతికినట్టు సరిపోయింది," అన్నారు మేడమ్. "నువ్వెళ్లి ఆ అమ్మాయికి చెప్పు."

వరండాలో నిలబడి ఉంది. నన్ను చూసి అడుగు వెయ్యలేకపోయింది.

"బాగున్నారు. లీకు లేదు. లోపల మమ్మల్ని మాట్లాడనిస్తే ఒట్టు," అన్నాను.

బెంచీ మీద కూలబడి భోరుమని ఏడ్చింది. ఏం చెయ్యాలో తెలియక నేను అక్కడే నిలబడ్డాను. వెళ్లిపోవాలని మాత్రం అనిపించలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుంది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"రెండ్రోజుల్లో ఇంటికి వెళ్లొచ్చు. నెల తర్వాత ఒక స్కాను. ఆ పైన ఏడాదికోసారి తప్పకుండా రావాలి."

"ఎన్నేళ్లు?"

"జీవితాంతం."

"నాన్నొక్కరేనా? నేనూ రావాలా?"

"మీరు... మీరసలు వెళ్లకపోతే బాగుంటుంది."

ఆమె తలెత్తింది. కళ్లింకా తడిగానే ఉన్నాయి. "ఇది డాక్టరుగా చెబుతున్నారా?"

"కాదు. డాక్టరు పని అయిపోయింది. మీరు కాదన్నా మీ నాన్నకి ఏ లోటూ రానివ్వను. ఇది నా కోసం అడుగుతున్నాను."

ఆమె బెంచీ మీద కాస్త పక్కకి జరిగి, నాకు చోటిచ్చింది.

"అయితే ఏడాదికోసారి," అంది, "నాన్నని మనిద్దరం తీసుకొద్దాం."