పద్నాలుగు మార్కులు

మార్కులు దొంగిలించి ఫార్మసిస్టయినవాడి చేతిలో సీఐ రామకృష్ణ భార్య చనిపోయింది. కోర్టులో అది రుజువు కాలేదు. రుజువు కాకపోయినా నిజం అదే.

ఒక మాత్రకు బదులు ఇంకో మాత్ర ఇచ్చాడు. మూడేళ్లయింది.

ఏప్రిల్ నెల, మంగళవారం ఉదయం 11.30. రామకృష్ణ జీపు ములకలపల్లి దారిలోని ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీ ముందు ఆగింది.

స్టాఫ్ రూంలో లెక్చరర్ అనిల్‌కుమార్ శవం. కుర్చీలో పక్కకు ఒరిగి ఉంది. పెదాల మీద నురగ ఎండిపోయింది. టేబుల్ మీద కాగితంలో పచ్చి మామిడి ముక్కలు, ఉప్పు, కారం. సగం తిన్నాడు.

కిటికీ అవతల నుంచే అడవి మొదలు. గాలి లేదు. ఒక్క ఆకూ కదలడం లేదు.

"ఎప్పుడు చూశారు?"

"పది నలభైకి," అన్నాడు హెచ్‌ఓడీ వెంకటరామారావు. "అప్పటికే ప్రాణం లేదు. గదికి తాళం వేయించి మీకు ఫోన్ చేశాను."

"కాయలు ఎవరిచ్చారు?"

"ప్రమీల. ఫైనలియర్. తొమ్మిదింబావుకు నా కళ్ల ముందే ఇచ్చింది. మా ఇంటి చెట్టువి, పొద్దున్నే కోసుకొచ్చానంది."

"పగ ఏమిటి?"

"మా కాలేజీ టాపర్‌కు హైదరాబాద్‌లో ఒక ఎంఫార్మసీ సీటు ఇస్తారు. ఒక్కటే. బీఫార్మసీ మార్కులే లెక్క. అనిల్ ఆమెకు ఇంటర్నల్స్‌లో ఇరవై అయిదుకు తొమ్మిది వేశాడు. సీటు పోయినట్టే. ఆమె ప్రాజెక్టు అడవి విషాల మీద. ల్యాబ్ తాళం ఆమె దగ్గరా ఉంటుంది."

"మార్కులు మార్చొచ్చా?"

"సాయంత్రం అయిదుకు మార్కులెక్కించే పోర్టల్ మూసేస్తారు. తర్వాత ఎవరూ మార్చలేరు."

12.20. స్టేషన్‌లో ఎస్‌ఐ వీరబాబు అప్పటికే ప్రమీలను బల్ల మీద కూర్చోబెట్టాడు.

"కాయలు నువ్వే ఇచ్చినవ్ గదా?"

"లేదు సార్. మా ఇంట్ల ఇంకా కాయ తెంపనే లేదు."

వీరబాబు నవ్వాడు. "ఏప్రిల్ల మామిడికాయ తెంపనోళ్లు ఉంటరా? చెట్టుకు దండం పెట్టుకుంట కూసుంటరా ఏంది?"

ప్రమీల తల దించుకుంది.

"తొమ్మిది మార్కులేసిండని కోపం. అవ్నా?"

ప్రమీల తలెత్తింది. "తొమ్మిదేంది సార్? ఇరవై మూడు. అనిల్ సార్ రిజిస్టర్ల చూపించి నాతోని సంతకం గూడ పెట్టించిండు."

"పోర్టల్ల తొమ్మిదే ఉంది. నేనే చూసిన."

రామకృష్ణ నోట్‌బుక్‌లో రెండు అంకెలు రాసుకున్నాడు. లేచాడు.

1.45. అడవి అంచున ప్రమీల ఊరు. ఇంటి ముందు మామిడిచెట్టు కాయల బరువుకు వంగి ఉంది. రాలిన కాయలు రాలినచోటే ఉన్నాయి. కొన్ని కుళ్లిపోయాయి. చీమలు పట్టాయి.

ప్రమీల నానమ్మ భీమక్క గడప మీద కూర్చుని ఉంది.

"నా మనవరాలిని జైల్ల ఏస్తరా సారూ?"

"పొద్దున ఏం పట్టుకపోయింది అవ్వా?"

"బుక్కులు. సద్దన్నం. మా తాన ఇంకేముంటది?"

"ఈ కాయలు కుళ్లుతున్నయి. ఏరుకోరా?"

భీమక్క అతణ్ని వింతగా చూసింది. "ఎట్ల ఏరుతం? పండుగ శుక్కురారం గదా. పోలీసోళ్లకు గింత గూడ తెల్వదా?"

రామకృష్ణ కుళ్లిన కాయల వైపు ఇంకోసారి చూశాడు. జీపు వైపు నడిచాడు.

4.20. ప్రిన్సిపాల్ నిర్మలాదేవి గది. వెంకటరామారావు, వీరబాబు, ప్రమీల. టేబుల్ మీద అనిల్‌కుమార్ సొరుగులో దొరికిన రిజిస్టర్.

"హెచ్‌ఓడీ గారూ, ఈ ప్రాంతానికి వచ్చి ఎన్నేళ్లయింది?"

"ఇరవై రెండేళ్లు."

"పక్క ఊళ్లో ఏం తింటారో, ఎప్పుడు తింటారో ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ అడగలేదు. వీళ్లు కొత్త కాయ ముందు దేవతకు పెడతారు. మామిడి పండుగ అయ్యేదాకా కాయ తెంపరు, రాలింది ముట్టరు. పండుగ ఈ శుక్రవారం. భీమక్క చెట్టు కింద కాయలు కుళ్లుతున్నాయి. పొద్దున్నే కోసుకొచ్చానని ప్రమీల మీతో అనదు."

"చదువుకున్న పిల్ల. ఆచారాలు పాటిస్తుందా?"

"సరే, ఆచారం వదిలేద్దాం. అనిల్ ఎప్పుడు చనిపోయాడు?"

"పది నలభైకి ముందే."

"పోర్టల్‌లో మార్కులు ఎక్కిన టైం 11.10. అనిల్ లాగిన్. మీ గదిలోని కంప్యూటర్. స్టాఫ్ పాస్‌వర్డులన్నీ మీ దగ్గరే ఉంటాయని మేడమ్ చెప్పారు. చనిపోయినవాడు తాళం వేసిన గదిలోంచి లేచి వచ్చి మార్కులు వేశాడా?"

వెంకటరామారావు రిజిస్టర్ వైపు చూశాడు.

"రిజిస్టర్‌లో ప్రమీలకు ఇరవై మూడు. అదే క్లాసులో చదివే మీ అమ్మాయి దీపికకు తొమ్మిది. రికార్డు ఇవ్వలేదని పక్కనే రాసి ఉంది. పోర్టల్‌లో తారుమారు. మార్చమంటే అనిల్ ఒప్పుకోలేదు. మీరే కాయలిచ్చి, ల్యాబ్‌లోంచి తెచ్చిన విషం కారంలో కలిపారు."



నిర్మలాదేవి కంప్యూటర్ తెరిచింది. 4.51కి ప్రమీల పేరు ఎదురుగా ఇరవై మూడు పడింది. ప్రమీల ఆ అంకెను చూసింది. తర్వాత రిజిస్టర్‌లో అనిల్ సార్ సంతకం చూసింది. అప్పుడు ఏడ్చింది.

వీరబాబు బేడీలు వేస్తుండగా వెంకటరామారావు గొణిగాడు.

"పద్నాలుగు మార్కులే సార్. ఆ సీటొస్తే నా కూతురు..."

"నా భార్యకు ఇచ్చింది కూడా ఒక్క మాత్రే," అన్నాడు రామకృష్ణ.



జీపు అడవి మలుపు తిరిగాక వీరబాబు మెల్లగా అడిగాడు. "సార్, మీ ఇంట్ల మేడమ్‌గారి సంగతి..."

"ఇందాక అన్నదే మొదలు, అదే ఆఖరు. ఇక నేను మాట్లాడను. నువ్వు అడగకు."

ఆ తర్వాత అతను ఆ సంగతి ఎవరితోనూ ఎత్తలేదు.