మిగిలినదాంట్లో సగం

శిలాపురం రాజ్యానికి ఉన్నది ఒకే ఒక్క నది, పాలవంక. అది పుట్టే కొండను గండశిలుడనే రాక్షసుడు ఆక్రమించి అడ్డుకట్ట వేశాడు. రాజు విజయధ్వజుడు పరివారంతో నది ఒడ్డుకు వెళ్లి వాడితో బేరానికి దిగాడు.

"నదిలో నాలుగో వంతు మీకు వదులుతాను" అన్నాడు రాక్షసుడు.

"నాలుగేనా? ఎనిమిదో వంతుకు తగ్గేది లేదు!" అని రాజు హుంకరించాడు. మంత్రులు భళా అన్నారు. నవ్వకండి పిల్లలూ, ఎనిమిది పెద్ద అంకె కనుక ఎనిమిదో వంతూ పెద్దదే అనుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు.

పొలాలకు నీళ్లు పంచే నీరుగంటి బాలన్న ఏట్లో నిలబడి, "దొరా, అది తక్కువండీ!" అని అరిచాడు. రాక్షసుడు కళ్లెర్రజేశాడు. బాలన్న నిలుచున్నచోటే రాయైపోయాడు.

"నీళ్లు వీడి మెడ తాకిన రోజున మళ్లీ మనిషవుతాడు" అని రాక్షసుడు పకపకా నవ్వి, రాజు అడిగిన ఎనిమిదో వంతే వదిలి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఏట్లో పాదం కూడా మునగలేదు.

బాలన్న కూతురు ఓబులమ్మకు పన్నెండేళ్లు. నాన్న రాతి చేతిని ఒకసారి నిమిరి, సద్దిమూట కట్టుకుని కొండదారి పట్టింది.

అడవిలో ఒక ఎలుగుబంటి అడ్డొచ్చింది. "ఈ చెట్టుకు కాయలెన్నో చెప్పు. తప్పితే మింగేస్తాను" అంది.

ఓబులమ్మ ఒక కొమ్మ కాయలు లెక్కపెట్టింది, అరవై. కొమ్మలు పన్నెండు. "ఏడువందల ఇరవైకి అటూ ఇటూ" అంది.

"సరిగ్గా చెప్పవేం?"

"సరిగ్గా కావాలంటే నువ్వే కూర్చుని లెక్కపెట్టుకో ఎలుగుమామా. నాకు తొందరుంది!"

ఎలుగు కాయలు లెక్కపెట్టడంలో పడింది.

కొండ కింద ఒక ముని పొద్దు వాలేదాకా ఒక కథ చెప్పాడు. గాదెలోని వడ్లలో ఎలుక రోజూ సగం తింటూ ఉంటే, ఇంకా సగం ఉన్నాయిలే అని సంబరపడిన ఆసామి కథ అది.

"దీన్ని ఒక్క మాటలో చెప్పు. చెబితే దారి చూపిస్తాను."

ఓబులమ్మ ఆలోచించి, "సగం మిగిలిందని మురిశాడు గానీ, ఎంతలో సగమో చూసుకోలేదు స్వామీ" అంది. ముని నవ్వి, రాక్షసుడి గుహకు దారి చూపించాడు.

గండశిలుడు ఆమెను చూసి గర్జించాడు. ఓబులమ్మ బెదరలేదు. "నీ దగ్గర మిగిలిన ధారలో రోజూ సగం ఇయ్యి మామా, ఇచ్చింది మళ్లీ ఆపకు, చాలు. ఎన్ని రోజులైనా నీకూ సగం మిగులుతూనే ఉంటుంది కదా!"

వాడికి అది భలే బేరంగా తోచింది. గబగబా ఒట్టు వేశాడు. ఒట్టు తప్పిన రాక్షసుడికి తల పగులుతుంది.

ఓబులమ్మ ఇంటిదారి పట్టింది. మొదటి రోజు ఏరు బాలన్న మోకాళ్లకు వచ్చింది, రెండో రోజు నడుముకు, మూడో రోజు రొమ్ముకు. నాలుగో రోజు ఆమె వచ్చేసరికి నీళ్లు మెడ తాకాయి. రాయి కదిలింది. "అమ్మీ!" అన్నాడు బాలన్న. ఓబులమ్మ అన్ని లెక్కలూ మరిచిపోయి, నాన్నను కావలించుకుని బావురుమంది.

పదో రోజుకు రాక్షసుడికి చెంబెడు ధార మిగిలింది. దాంతో గొంతు కూడా తడవక, వాడు కొండ వదిలి పారిపోయాడు.

రాజు ఓబులమ్మకు రాజ్యమంతటి నీటి పెత్తనం అప్పగించాడు. నిండు సభలో లేచి, "వంతుల లెక్క నాకు తెలియదమ్మా. తెలియదనడానికి సిగ్గుపడి, మీ నాన్నను పోగొట్టుకోబోయాను. నాకూ నేర్పు" అన్నాడు.

మర్నాడు ఓబులమ్మ వంతుల లెక్క చెబుతుంటే, ఆయన బడిలో పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రాజుగారే "అర్థం కాలేదు, మళ్లీ చెప్పు తల్లీ" అని చెయ్యెత్తేసరికి, వెనక వరుసలో అంతవరకూ నోరు మెదపని పిల్లలందరూ చేతులెత్తారు.