బూడిదోడి చోటు

ధనుర్మాసం వచ్చిందంటే నగరిలో చలి కొండ మీది నుంచి దిగి వచ్చి ఇంటింటి గడపలో కూర్చుంటుంది. ఆ చలిలో తెల్లవారుతూనే కాఫీ లోటా పట్టుకుని వెనుక షెడ్డులోకి వెళ్ళిన ధనంజయకు కొరికి తెంపిన తాడు కనిపించింది. బూడిదోడు లేడు. మళ్ళీ పారిపోయాడు మహానుభావుడు.

బూడిదోడంటే ఇంటి కుక్క, రంగును బట్టి పడిన పేరు. ముసలిదైపోయింది. ఒక కంట్లో పువ్వు వేసింది, చలికి వెనక కాళ్ళు బిగుసుకుపోతాయి. దాన్ని పెంచింది ధనంజయ తల్లి కుప్పమ్మ. ముందుగది నేలలో తవ్విన మగ్గం గుంటలోకి కాళ్ళు దించుకుని ఆమె చీరలు నేస్తుంటే, చలికాలమంతా ఆ కుక్క గుంటలో దూరి ఆమె పాదాల మధ్య ముడుచుకునేది. ఆమె కాళ్ళ వేడి దానికి, దాని వీపు వేడి ఆమెకు. మగ్గాన్ని ఆడించడానికి ఆమె కాళ్ళతో తొక్కే పలకలు అంతలా పైకీ కిందికీ ఆడుతున్నా దాని తోక మీద ఏనాడూ ఆమె కాలు పడలేదు.

ఇప్పుడా గుంట లేదు. కుప్పమ్మ కూతురి కాన్పుకని పాకాల వెళ్ళినప్పుడు ధనంజయ దాన్ని మట్టితో పూడ్చి, పైన నున్నగా సిమెంటు పూయించాడు. పాత మగ్గాన్ని విప్పదీసి, ఆ కొయ్యను పొయ్యిలోకి కొట్టించాడు. చెడ్డ బుద్ధితో మాత్రం కాదు. వెనుక షెడ్డులోకి పవర్లూములు, అంటే కరెంటు మగ్గాలు వచ్చాయి, అమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక ఆ గుంటలో కూర్చునే ఖర్మ ఆమెకెందుకు అనుకున్నాడు. చెప్పకుండా చేసి సంతోషపెట్టాలనీ అనుకున్నాడు. ఊరి నుంచి వచ్చిన కుప్పమ్మ గడపలోనే కాసేపు నిలబడిపోయి, బాగుండాది నాయనా అంది. కొడుకు దాన్ని మెప్పు కిందే జమ కట్టుకున్నాడు.

కుక్కనూ మరిచిపోలేదు. మోటార్ల వేడికి షెడ్డు వెచ్చగా ఉంటుంది కాబట్టి ఒక మూల గోనెసంచి పరిచి, దాని మీద నూలు తుక్కు పోసి మెత్తగా పక్క వేశాడు. పారిపోకుండా తాడుతో కట్టాడు. అదేమో ఎన్నిసార్లు కట్టినా కొరికేసుకుని పోవడమే. ముసలితనంలో దీనికి పొగరెక్కువైందని భార్య వసంతమ్మ దగ్గర విసుక్కునేవాడు. ఆమె అత్త వైపు ఒకసారి చూసి పనిలో పడేది.

ఆ పొద్దు వెతుక్కుంటూ వీధి పంచలోకి వచ్చిన ధనంజయ అక్కడే ఆగిపోయాడు. తాను తిరుపతిలో ఏరి ఏరి తల్లికని తెచ్చిన కంబళిలో బూడిదోడు చుట్టుకుని పడుకుని ఉంది. పక్కన కుప్పమ్మ, పాత నూలు చీర చెంగు భుజాల మీద కప్పుకుని, పాదాలు రెండూ కుక్క కడుపు కింద దోపుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. లేవబోయింది కానీ మోకాళ్ళు లేవనివ్వలేదు.

"నీకని తెస్తే కుక్కకు కప్పినావా మా? ఇంత ఇల్లుండంగా ఈ సలిలో ఈడ కూసోనుండావే, సూసినోళ్ళు నన్నేమనుకుంటారు?"

ఆమె కంబళి అంచును కుక్క మీదికి ఇంకా జరిపింది. అతనికి కోపం ఇంకా పెరిగింది. వంగి కుక్క మెడ పట్టుకుని షెడ్డు వైపు లాగాడు. షెడ్డులో పనివాడు నడపగానే కరెంటు మగ్గం ఒక్కసారిగా ధన్‌మంది. ఆ సద్దుకు బూడిదోడు నేలకు కరుచుకుపోయి, నిలువెల్లా వణుకుతూ, ఉన్నచోటే మూత్రం పోసుకుంది.

"వదిలేయిరా దాన్ని," అంది కుప్పమ్మ. "ఆ సద్దుకు దానికి గుండె అదురుతాండాది."

"నాలుగు దినాలుంటే అలవాటైతాది లే మా. ఆడ వెచ్చగా ఉండాది గదా."

"కాదు నాయనా. నాకే కాలేదు."

ధనంజయ చెయ్యి వదులైంది. వాకిట్లో ముగ్గు పెడుతున్న వసంతమ్మ ఇక ఆగలేక అంతా చెప్పేసింది. అత్త పడుకునే గదికీ షెడ్డుకూ ఒకటే గోడ. రాత్రి పొద్దుపోయేదాకా ఆడే ఆ మగ్గాల సద్దుకు, అవి వచ్చినప్పటి నుంచీ ఆమె పంచలోనే పడుకుంటోంది. ధనంజయ లేవకముందే కంబళి మడిచి లోపలికి వచ్చేస్తోంది. వాడు మురిపెంగా పెట్టుకున్నాడు, వాడి కాడ అనొద్దని కోడలి చేత ఒట్టు వేయించుకుంది. వసంతమ్మ చెబుతుంటే ధనంజయ తల్లి పాదాలనే చూస్తున్నాడు. చలికి పగిలి, గీతల్లో నెత్తురు కనబడుతోంది. తన కళ్ళు ఇన్నాళ్ళూ ఏమైపోయాయో అతనికే తెలియలేదు.

"గుంట పూడ్సేటప్పుడు నిన్నొక మాట అడగాల్సింది మా," అన్నాడు.

"అడిగుంటే పూడ్సమనే చెప్పుందును నాయనా. నాకేమన్నా వయసా? మగ్గాన్ని మాత్రం ఒక్క తూరి తాకి సూసుకోని పంపించుందును."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఆ మాట అతన్ని నిలువునా కోసేసింది. షెడ్డులోకి వెళ్ళి మోటార్లు ఆపేశాడు. గడ్డపార తెచ్చి ముందుగదిలో ఆ నున్నటి సిమెంటు మీద వేశాడు. కుప్పమ్మ వద్దు వద్దంటూనే ఉంది. వసంతమ్మ కొంగు దోపుకుని తట్టతో మట్టి ఎత్తిపోసింది. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి పాత గుంట తేలింది. నూలు తుక్కంతా తెచ్చి అడుగున పరిచారు.

బూడిదోడు వాసన చూసుకుంటూ వచ్చింది. అంచున కాసేపు నిలబడి, మెల్లగా దిగి, చుట్టూ తిరిగి, తన పాత చోటులోనే ముడుచుకుంది. కుప్పమ్మ కూడా వచ్చి అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

కుక్కకు అటొకటి, ఇటొకటిగా ఆమె పాదాలు కదలడం మొదలుపెట్టాయి. పైకీ, కిందికీ. అక్కడ పలకలు లేవు, పైన మగ్గమూ లేదు. అది పొయ్యిలో బూడిదై ఎన్నో రోజులైంది. గుంట తవ్వగలిగాడు కానీ ఆ మగ్గాన్ని ఎక్కడి నుంచి తేగలడు? ధనంజయ మట్టికుప్ప మీద కూలబడి చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

కొడుకు ఏడుపు విని కుప్పమ్మ తన కాళ్ళ వంక చూసుకుంది. సిగ్గుపడినట్టు ఆపేసింది. అడుగున బూడిదోడు తలెత్తి, ఎందుకు ఆపావన్నట్టు ఆమె ముఖంలోకి చూసింది.

ఆమె చెయ్యి చాచి కొడుకు తల నిమిరి, మళ్ళీ తొక్కసాగింది.