తాడు పట్టిన చేయి

"ఆ చేతికి మళ్ళీ తాడిచ్చావంటే నా మీద ఒట్టేరా!"

అత్తగారి గొంతు వంటింటిదాకా వినిపించింది. పాలు పొంగకుండా చూస్తున్న కోడలు తల తిప్పలేదు. ఈ మాట ఆమెకు కొత్త కాదు... రెండేళ్ళుగా వింటూనే ఉంది.

ఆమె భర్త వడ్రంగి. సెలవు దొరికితే చాలు, కొండరాళ్ళెక్కడం అతని పిచ్చి. పెళ్ళయ్యాక ఆమెకూ నేర్పాడు. అతను ఎక్కుతుంటే కింద నిలబడి తాడు పట్టుకునేది ఆమే. రెండేళ్ళ క్రితం అతను పడ్డాడు. కాలు రెండుచోట్ల విరిగింది. ఆసుపత్రిలో తల్లి ఏడుస్తూ, "ఎలా పడ్డావు నాన్నా?" అని అడిగితే, "తను తాడు వదులు చేసిందమ్మా" అన్నాడు.

పక్కనే కోడలు నిలబడి ఉంది. తాడు ఒరిపిడికి తోలు ఊడిన అరచేతులకు కట్లున్నాయి. ఆమె నోరు తెరవబోయింది... భర్త కళ్ళలో బతిమాలడం చూసి ఆగిపోయింది. ఆపరేషన్ అయ్యాక చెబుదామనుకుంది. ఆ తర్వాత, అతను లేచి నడిచాక చెబుదామనుకుంది. అతను నడిచేసరికి ఆ మాట చుట్టాలందరిళ్ళూ తిరిగొచ్చింది. ఇక చెప్పినా సాకులా వినిపిస్తుందని ఊరుకుంది. కళ్ళద్దాల దుకాణంలో తన పనేదో తాను చేసుకుంటూ, ఇంట్లో తలొంచుకుని తిరిగింది.

ఇప్పుడతని కాలు బాగైంది. పాత సరుకుల వ్యానొకటి కొని, మడతమంచాలూ చిన్న పొయ్యీ గొళ్ళేల అలమరలూ తన చేతులతోనే అమర్చాడు. మూడురోజులు కొండలవైపు వెళదామన్నాడు. తల్లి ఒట్టు పెట్టినా వినలేదు.

"అయితే నేనూ వస్తా. నా కళ్ళముందే ఉందువుగాని!" అని ఆవిడ సంచి సర్దుకుంది.

బయల్దేరినప్పుడు ఎండ కాసింది. మలుపుల దగ్గర మంచు కమ్మింది. కాసేపు చినుకులు పడి, మళ్ళీ ఎండొచ్చింది.

"ఈ వాతావరణం నా మోకాలి లాంటిది. ఎప్పుడు పట్టేస్తుందో దానికే తెలీదు" అంది అత్తగారు. కోడలికి నవ్వొచ్చింది. నవ్వితే ఏమంటారోనని కిటికీవైపు తిరిగింది.

కొండరాయి కింద ఇంకో వ్యాను ఆగి ఉంది. అందులోని పెద్దాయన కొండలెక్కడం నేర్పే మాస్టారు. అత్తగారు చెప్పిన సంగతి వినగానే, "నేను పట్టుకుంటాలెండి తాడు" అన్నాడు. అత్తగారి మొహం విప్పారింది.

"వద్దమ్మా. తను పట్టుకుంటేనే ఎక్కుతాను" అన్నాడు కొడుకు.

ఆలోచించకుండా వచ్చిన మాట అది. అత్తగారు కొడుకువంక అదోలా చూసింది గానీ, మాస్టారి ముందు ఏమీ అనలేదు.

అతను ఎక్కడం మొదలుపెట్టాడు. రాతిలో అక్కడక్కడా ఇనుప రింగులు దిగేసి ఉన్నాయి. ఎక్కేవాడు తాడును ఒక్కో రింగుకూ తగిలించుకుంటూ పోవాలి. పట్టు జారినా చివరి రింగు కాపాడుతుంది. సగం ఎక్కేసరికి మబ్బు ముసిరింది.

"దిగండి! వాన వచ్చేస్తోంది!" అరిచింది ఆమె.

"ఇంకొంచెమే!"

"రింగు వదిలేశారు! తగిలించుకోండి!"

అతను వినిపించుకోలేదు. వడగళ్ళు రాలాయి. రాయి తడిసింది... కాలు జారింది! అతను రాళ్ళమీద దొర్లుతూ వచ్చి తాడుకు వేలాడాడు. ఆ విసురుకు కింద ఆమె నేలమీంచి లేచిపోయింది. లేచినా పట్టు వదల్లేదు. ఇంతలో వెనకనుంచి ఎవరో ఆమె నడుమును గట్టిగా కావిలించుకుని కిందికి లాగారు.

అత్తగారు!

"వదలకే తల్లీ... వదలకు!"

"వదలనత్తయ్యా!"

మాస్టారు పరుగెత్తుకొచ్చి చేయి వేశాడు. అతన్ని మెల్లగా కిందికి దించారు. అతనికి మోచేతులు గీసుకుపోవడం తప్ప ఇంకేమీ కాలేదు.

వ్యానులో ముగ్గురూ తడిబట్టలతో కూర్చున్నారు. పైకప్పుమీద వడగళ్ళ మోత. చివరికి అత్తగారే అడిగింది.

"నిన్ను పడేసిన చేతికే ప్రాణం అప్పజెబుతావట్రా... పక్కన అంత చెయ్యితిరిగినాయన ఉండగా?"

అతను గీసుకుపోయిన మోచేతివంక చూసుకున్నాడు.

"ఆ రోజు కూడా ఇలాగే పడ్డావు. అవునా?"

"అవునమ్మా... రింగు తగిలించుకోలేదు. తను అరుస్తూనే ఉంది. తను పట్టుకోబట్టే కాలితో పోయింది. నా తొందర వల్లేనని చెప్పడానికి... నీ ముందు తల ఎత్తలేకపోయాను."

"అందుకని పెళ్ళాన్ని బలిపెట్టావా!" ఆవిడ కోడలివైపు తిరిగింది. "నువ్వయినా నాకు చెప్పలేదేమే?"

"చెబితే నమ్మేవారా అత్తయ్యా?"

ఆవిడ కోడలి చేతులవంక చూసింది. "నమ్మేదాన్ని కాదు" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "నోటికొచ్చినట్టల్లా అన్నానే నిన్ను... అన్నీ పడ్డావు."

అప్పుడు కోడలు భర్తనడిగింది. గొంతు పెంచలేదు.

"మీ కాలు అతుక్కుంది. నాలో ఏం విరిగిందో ఒక్కసారైనా అడిగారా?"

అతను చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆమె ఓదార్చలేదు.

మర్నాడు ఎండ బాగా కాసింది. మధ్యాహ్నానికి రాయి ఆరిపోయింది. కోడలు నడుముపట్టీ బిగించుకుని, తాడు కొస ముడేసుకుని, రెండో కొస తీసుకెళ్ళి భర్త చేతిలో పెట్టింది.

"నేనెక్కుతాను. కోపం పోయిందనుకోకండి."

"అనుకోను" అన్నాడతను.

రెండేళ్ళ తర్వాత రాయిమీద చేయి వేసింది. మొదటి రింగుకు తాడు తగిలించింది, తర్వాత రెండోదానికి. కింద అత్తగారు మడతకుర్చీ తెచ్చి కొడుకు పక్కనే వేసుకుని కూర్చుంది. కుర్చీలో ఎంతోసేపు నిలవలేకపోయింది. లేచి, అతని చేతులవంకా పైకీ మార్చి మార్చి చూసింది.

"జాగ్రత్తరా! దిక్కులు చూడకు. పైనున్నది నా కోడలు!"

ఆ మాట పైదాకా వినిపించింది. ఆమె చెంప రాతికానించి ఒక్క క్షణం ఆగింది... మసకబారిన కళ్ళు భుజానికి తుడుచుకుని, పై పట్టుకోసం చేయి చాచింది.