మెట్టె కొలత

కాలేజీలో చదివే ప్రాచి మా నగల దుకాణానికి రెండోసారి వచ్చింది పోట్లాడటానికే.

"మీరు చేసింది ఉంగరం. నేను అడిగింది ఉంగరం కాదు," అని సన్నని రబ్బరు గొట్టాన్ని నా ముందు పెట్టింది.

దాని లోపల నాలుగు ప్లాటినం చుక్కలు, ఒక్కొక్కటి ఆవగింజలో సగం. నాందేడ్ సరాఫా గల్లీలో అంత సన్నపనికి మంగేశ్‌ను, అంటే నన్ను, మించినవాడు లేడని 2003లో నా గట్టి నమ్మకం. మా బాపు నాగేశ్వర్ ఆ మాట ఎన్నడూ అనలేదు, అది వేరే సంగతి.

"కొలత ప్రకారమే చేసిన గద. వెంట్రుకంత సందు లేదు," అన్నాను.

"అదే తప్పు. నరం వాస్తది. సందు లేకపోతే నలిగి చస్తది. నిన్న ల్యాబుల కప్ప నరానికి తొడిగితే కాలు కదలనే లేదు. శుక్రవారం సార్ ముందట గిట్లనే అయితే నా ప్రాజెక్టు బంద్."

నరమంటే నెత్తురు పారే గొట్టమేనని, గొట్టానికి పట్టు గట్టిగా ఉంటేనే మంచిదని అనుకున్నట్టు ఒప్పుకున్నాను. నవ్వుతుందనుకుంటే నవ్వలేదు. పాత పేపరు అంచు మీద బొమ్మ గీసింది. ఒక్క నరంలో వందల పోగులుంటాయట, ఒక్కో పోగు ఒక్కో కండకు పోతుందట. చుట్టూ నాలుగు చుక్కలు పెట్టి కరెంటు ఇస్తే ఏ పక్క పోగులు కావాలంటే వాటినే లేపొచ్చు. పాదం ఎత్తలేక ఈడ్చుకుంటూ నడిచేవాళ్ళకు ఒకనాడు దీన్ని కాలి లోపలే అమర్చాలని ఆమె ఆశ.

"అన్ని పోగులు ఒక్కసారి లేస్తే కాలు కట్టెలెక్క బిగుసుకుంటది. కావాల్సిందే కదలాలె, మిగిలినయి పండుకోవాలె," అంది.

సగం విన్నాను, సగం చూశాను. తన పని గురించి చెప్తూ ఒక మనిషి అంత అందంగా ఉండటం నేను అదివరకు చూడలేదు.

ఆమె వెళ్ళాక, ఎవరో బాగుచేయమని ఇచ్చిన మెట్టెలు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు వెలిగింది. మెట్టె చివరలు మేం అతకం. కాలు వాచినా అది సాగుతుంది, జారిపోదు. గొట్టాన్ని నిలువునా కోసి, ఒక అంచు రెండో అంచు మీదికి వచ్చేలా చుట్టాను. నరం ఉబ్బితే తెరుచుకుంటుంది, చుక్కలు మాత్రం దాన్ని వదలవు.

శుక్రవారం నన్నూ కాలేజీకి రమ్మంది. రెండో చుక్కకు కరెంటు ఇస్తే కప్ప వేళ్ళు మాత్రమే ముడుచుకున్నాయి. మూడోదానికి పాదం పైకి లేచింది. సార్ ఆమెను మెచ్చుకున్నాడు. ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నాకు నెలరోజులు సరిపోయింది.

ఆ నెల కాగానే, వాన పడుతుంటే, వాళ్ళమ్మ వత్సలమ్మతో కలిసి దుకాణానికి వచ్చింది. వత్సలమ్మ నేరుగా లోపల బాపు దగ్గరికి వెళ్ళింది.

"మెట్టెలు చెయ్యాలె. నాకే," అంది ప్రాచి.

కొలత దారం వెతుకుతున్నట్టు మొహం తిప్పుకుని, పెండ్లికొడుకుది ఏ ఊరని అడిగాను.

"ఇదే గల్లీ. పని మంచిగ చేస్తడు గని, చెప్తెగని సమజ్ కాదు. అమ్మ మీ బాపుతోని గదే మాట్లాడుతున్నది. నీకు ఇష్టమేనా, ముందుగాల్ల అది చెప్పు."

"నువ్వు కొట్లాటకు అచ్చిన నాటి సంది ఇష్టమే," అన్నాను.

ఆమె తడిసిన పాదం ముందుకు చాపింది. బొటనవేలి పక్క వేలికి మెల్లగా దారం చుట్టాను.

కరెంటు లేదు, చుక్కలు లేవు. ఆ ఒక్క వేలే కదిలింది.