తెల్ల ఎలుకల గది

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, గుణదలలో ఒక ఉదయం. గుంటూరు పాసింజరుకు వేళవుతోందని మార్త హడావిడిగా జడ వేసుకుంటోంది. తండ్రి కృపానందం మాస్టారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఆమె నోటుపుస్తకం ఉంది.

"అడక్కుండా చదవడం తప్పేనమ్మా," అన్నాడు. "ఎనిమిది ఎలుకల్లో ఐదింటికి లివర్లో గడ్డ కరిగిందని రాశావు. మాకెందుకు చెప్పలేదు?"

మార్త గుంటూరులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. అక్కడ తెల్ల ఎలుకలకు లివర్ కేన్సర్ తెప్పిస్తారు. కంటికి కనిపించనంత చిన్న కొవ్వు బుడగల్లో మందు నింపి సూదితో ఎక్కిస్తారు. ఆ బుడగలు మందును నేరుగా లివరుకు చేరుస్తాయని వాళ్ల ఆశ. లోపలి గదిలో మంచం పట్టిన తల్లి తెరేసమ్మ జబ్బూ అదే. డాక్టరు ఏప్రిల్లోనే చేతులెత్తేశాడు.

"మనుషులకింకా ఇవ్వట్లేదు నాన్నా."

"ఒక్క సీసా తే. ఎవరికీ చెప్పను."

"తేలేను."

"ఎలుకపాటి చెయ్యదా మీ అమ్మ?"

మార్త చేతులు ఆగిపోయాయి. ముప్ఫై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి, ఇంట్లో ఏనాడూ గొంతు పెంచని మనిషి అన్న మాట అది.

"మూడు ఎలుకలు మందు పడక వారంలోనే చచ్చిపోయాయి."

"మిగతావి బతికాయిగా! ఇప్పుడెలా ఉన్నాయి?"

"లేవు. గడ్డ కరిగిందో లేదో లివరు కోసి చూస్తేనే తెలుస్తుంది. ఇరవై ఒకటో రోజున అన్నిటినీ చంపేస్తాం." ఆమె గొంతు తగ్గింది. "ఆ పని నాదే."

కృపానందం స్టూలు మీద కూలబడ్డాడు. పుస్తకం మూసేశాడు.

"మార్తా, ఇట్రావే," లోపల్నుంచి తెరేసమ్మ పిలిచింది. అన్నీ విన్నది. "అందుకేనా నెల్రోజుల్నుంచి చీకటిపడ్డాక ఇల్లు చేరతన్నావు? నా మొహం చూడవేం?"

మార్త మంచం అంచున కూర్చుంది. "చూస్తే తెచ్చేస్తానేమోనని భయమమ్మా. రోజూ ఆ సీసా నా చేతుల్లోనే ఉంటుంది."

తెరేసమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నాకా సీసా వద్దులే. నువ్వు కావాలి. ఏవండీ మాస్టారూ, దీనికి సెలవు చీటీ రాసిపెట్టండి."

కృపానందం కాగితం, కలం తీసుకుని వచ్చాడు. "ఆ ఎలుక మాట నేను అనకుండా ఉండాల్సింది తల్లీ," అన్నాడు కూతురితో. తర్వాత భార్యను అడిగాడు, "కారణం ఏమని రాయను?"

"అమ్మ దగ్గరుండాలని రాయండి. నిజమేగా."

రాశాడు. ఎన్ని రోజులు అన్న చోట కలం ఆగింది. భార్య వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. కళ్లజోడు తీసి, పంచె చెంగుతో చాలాసేపు తుడిచాడు.

"అక్కడ ఖాళీ ఉంచండి," అంది తెరేసమ్మ. "ముందెళ్లి కాఫీ పెట్టండి. దాన్ని లేవనివ్వను."