వంట నేర్పిందెవరు?

మాచర్లలో ఆ శనివారం పొద్దున్నే రూతమ్మ గొంతు వీధి చివరిదాకా వినపడుతోంది. కోపం వచ్చి కాదు. ఆవిడ గొంతే అంత. సంతోషం వచ్చినా, దగ్గొచ్చినా, దేవుడికి మొర పెట్టుకున్నా అదే గొంతు.

"ఏమే సుందరీ! గోంగూర గిల్లటం అయిందా? మధ్యాహ్నానికల్లా స్త్రీల సమాజం ఆడోళ్ళంతా దిగుతారు. ప్రార్థన అయ్యేసరికి అన్నీ సిద్ధంగా ఉండాల. ఆ రాజరత్నమ్మ ముందు నా పరువు తీయబాక!"

"అయిపోవచ్చింది అత్తయ్యా," అంది సుందరి వంటింట్లోంచి.

పరువు తీసే కోడలు కాదని రూతమ్మకి బాగా తెలుసు. ఊరికే అరవకపోతే ఆవిడకి పొద్దు గడవదు, అంతే. సుందరి ఆ ఇంటికి కోడలుగా వచ్చి ఏడాది కాలేదు. భర్త దేవదాసు సాగర్ ఆనకట్ట కట్టే చోట గుమాస్తా, వారానికోసారి ఇంటికొస్తాడు. మిగతా రోజులన్నీ అత్తాకోడళ్ళిద్దరే. కోడలి వంట మీద రూతమ్మకి ఎంత గర్వమంటే, సంతలో వంకాయలు బేరమాడుతూ కూడా ఆ మాటే చెప్పుకునేది.

వంటని మించి ఆవిడ మురిసిపోయే సంగతి ఇంకొకటుంది. పొయ్యి మీద ఏదన్నా వేయించేటప్పుడు సుందరి పెదవులు కదులుతూ ఉంటాయి. ఒకనాడు చప్పుడు చెయ్యకుండా వెనకగా వెళ్ళి చెవి పెట్టి వింటే 'పరలోకమందున్న మా తండ్రీ' అంటూ పరలోక ప్రార్థన! ఇంకేముంది, ఆదివారం గుడి దగ్గర చెప్పులు విడిచే చోటే మొదలుపెట్టింది. "వంట చేస్తా కూడా దేవుణ్ణి తలుచుకుంటది నా కోడలు. ఈ కాలంలో ఎవరికుందమ్మా అంత భక్తి!"

భక్తీ కాదు, పాడూ కాదు. గడియారం లేని ఇంట్లో పెరిగిన పిల్ల లెక్క అది. మెంతులు వేగటానికి నిదానంగా ఒక ప్రార్థన. ఎండుమిరపకాయలకి ఇంకాస్త ఎక్కువ. చింతచిగురు మగ్గటానికి పాటలో ఒక చరణం. ఈ లెక్కంతా సుందరికి నేర్పింది వాళ్ళ నాన్న జ్ఞానయ్య. వెల్దుర్తి మెట్టపొలాల్లో జొన్న పండించుకునే మనిషి. ఆయన నేర్పాడన్న సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా.

పెళ్ళిచూపులనాడు రూతమ్మ కట్నం మాటే ఎత్తలేదు. ఒక్కటే అడిగింది. "తల్లి లేని పిల్ల గదా, వంట ఎవరు నేర్పారు?" జ్ఞానయ్య నోరు తెరిచేలోపే ఆయన అక్క ఆదెమ్మ అందుకుంది. "నేనేనమ్మా. దగ్గర కూచోబెట్టుకుని నేర్పా." ఆదెమ్మ ఉండేది రాజుపాలెంలో, తమ్ముడింటికి వచ్చేది ఏ పండక్కో పబ్బానికో. అయినా ఆవిడ భయం ఆవిడది. వెల్దుర్తిలో జ్ఞానయ్యని 'ఆడంగి జ్ఞానయ్య' అంటారు. ఆ పేరు వియ్యపురాలి చెవిన పడితే వచ్చిన సంబంధం కాస్తా పోయిద్దని. జ్ఞానయ్య తలొంచుకుని ఊరుకున్నాడు. సుందరి కూడా ఊరుకుంది.

మిరపకాయలకి తొడిమలు తీస్తుంటే వాకిట్లోంచి పిలుపు వినపడింది. "సుందరమ్మా!"

సుందరి ఉన్నపళాన పరిగెత్తింది. నాన్న! భుజాన గోనెసంచి, అందులో దోసకాయలు. సంచి దించి నిలబడిన మనిషిని తేరిపార చూసింది. చొక్కా వదులై వేలాడుతోంది, దవడలు లోపలికి పోయాయి.

"చిక్కిపోయావేంది నాన్నా?"

"ఎండలమ్మా. నన్ను చూడబాక, నువ్వెట్టున్నావో చెప్పు."

"రండి అన్నయ్యగారూ, రండి! సమయానికొచ్చారు," అంటూ రూతమ్మ ఎదురొచ్చింది. "మీ అక్కగారిని తీసుకురాలేదే? ఆమె చెయ్యి పడితే ఇవాళ ఎట్టుండేది! ఆ, లేకపోతే ఏంలే, చేతి కింద తయారైన పిల్లుందిగా."

జ్ఞానయ్య నవ్వీ నవ్వనట్టు నవ్వాడు. పందిరి కింద, వంటింటి కిటికీ పక్కన నులకమంచం వేసి కూచోబెట్టారు. సుందరి మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది కానీ మనసు మనసులో లేదు. నాన్న వచ్చాడన్న సంతోషం ఒక పక్క, నాన్న నోటి వెంట ఏం జారుతుందోనన్న దడ ఒక పక్క. సొంత తండ్రి వస్తే ఇదేం బుద్ధి నాకు అని తనని తనే తిట్టుకుంది.

అంతలో రాజరత్నమ్మ రానే వచ్చింది. స్త్రీల సమాజానికి పెద్ద, అందరికంటే ముందొచ్చి అందరి సంగతులూ ఆరా తీసే మనిషి. వస్తూనే మంచం మీద జ్ఞానయ్యని చూసింది.

"మీరేనా సుందరి తండ్రి? మళ్ళీ పెళ్ళి చేసుకోలేదంటగా. పిల్లని ఎట్టా పెంచారండీ ఒంటి చేత్తో?"

లోపల సుందరి మూకుట్లో మెంతులు పోసింది. పెదవులు ప్రార్థన మొదలుపెట్టాయి. చెవులు మాత్రం కిటికీ అవతలే ఉన్నాయి. నాన్న ఏం చెప్తాడు? 'దేవుడే పెంచాడమ్మా' అన్నాడు. హమ్మయ్య అనుకునేసరికి ప్రార్థన ఎక్కడ ఆగిందో మర్చిపోయింది. మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంది.

మెంతుల చిటపట ఎప్పుడు మొదలైందో జ్ఞానయ్య చెవికి తెలుసు. చెవి ఊరుకోదు కదా. రాజరత్నమ్మ ఏదో అంటూనే ఉంది, ఆయన కళ్ళు మూసుకున్నాడు, పెదవులు వాటంతటవే కదిలాయి. ఉన్నట్టుండి మంచం మీంచి సగం లేచి కేకేశాడు.

"ఆమెన్! దింపమ్మా, దింపు! మెంతులు మాడతయ్యి!"

సుందరి ఉలిక్కిపడి మూకుడు దింపింది. ఎర్రగా వేగిన మెంతులు. ఇంకొక్క క్షణం ఉంటే చేదే.

"అదేంది అన్నయ్యగారూ?" అంది రూతమ్మ. "ఇక్కడ కూచుని మెంతుల సంగతి మీకెట్టా తెలిసింది? ఆ ఆమెనేంది?"

జ్ఞానయ్య మొహం పాలిపోయింది. "వాసన... వాసనొచ్చింది చెల్లెమ్మా."

రాజరత్నమ్మ పడీపడీ నవ్వింది. "మగాళ్ళకి మెంతుల వాసన కూడా తెలుసా! ఏంది కొంపదీసి, ఈయనగారు వంట గానీ చేస్తారా ఏంది? ఏమే సుందరీ, మీ నాన్న కొంగు బిగించి పొయ్యి దగ్గర కూచుంటాడా?"

సుందరి గుమ్మంలోకి వచ్చింది. అత్త చూస్తోంది. రాజరత్నమ్మ చూస్తోంది. అప్పుడే వాకిట్లోకి వస్తున్న మరో నలుగురు ఆడవాళ్ళూ చూస్తున్నారు. 'ఆడంగి' అన్న మాట వీళ్ళ నోళ్ళలో కూడా పడబోతోందనిపించింది.

"లేదండీ," అంది. "మా నాన్నకి పొయ్యి రాజెయ్యటం కూడా రాదు."

అనేశాక గానీ తనేమందో తెలియలేదు. జ్ఞానయ్య కూతురి వంక చూడలేదు. మంచం నులక సర్దుకుంటూ, "అవునమ్మా, పిల్ల చెప్పింది నిజం," అన్నాడు.

ప్రార్థన జరిగింది. పాటలు పాడారు. సుందరికి ఒక్క ముక్క చెవికెక్కలేదు. అందరూ వరసగా కూచుంటే మాంసం కూర, గోంగూర పచ్చడి, చారు వడ్డించింది. జ్ఞానయ్య పందిరి గుంజకి ఆనుకుని విడిగా కూచున్నాడు. తిన్నవాళ్ళంతా లొట్టలేస్తున్నారు. రూతమ్మ మొహం వెలిగిపోతోంది.

"ఏం అన్నయ్యగారూ, అచ్చం మీ అక్క చెయ్యేనా?"

ఆయన ముద్ద మింగాడు. "ఆ చెయ్యేనమ్మా. అంతా మా అక్క చలవే."

"మరి ఇప్పుడు మీకు వండిపెట్టేదెవరు?" రాజరత్నమ్మ వదల్లేదు. "పిల్ల ఇటొచ్చేసె. మీకేమో పొయ్యి రాజెయ్యటం రాకపాయె!"

"నాకేం లేమ్మా. పక్కింటి మస్తాన్‌రావు వాళ్ళు ఇంత సంకటి పెడతారు. ఉల్లిపాయో మిరపకాయో నంజుకుంటే పూట గడిచిపోయిద్ది. పిల్ల కాపురానికి వచ్చినప్పట్నుంచీ మా ఇంట్లో పొయ్యి రాజెయ్యలేదు. తినేవాళ్ళు లేకపోతే..." అని ఆగి, చేతిలో ముద్ద కంచంలోనే పెట్టి, "నాకొక్కడికే పొయ్యేందిలే," అన్నాడు.

సుందరి పచ్చడి గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఎండలు కాదు. తిండి లేక చిక్కిపోయాడు నాన్న. వంటంటే ప్రాణం పెట్టే మనిషి, కూతురి పెళ్ళయిన నాటినుంచీ చల్లటి సంకటి ముద్ద తింటున్నాడు. ఆ మనిషిని పట్టుకుని పదిమందిలో తనేమంది!

"అత్తయ్యా," అంది. పచ్చడి గిన్నె కింద పెట్టింది. "నాకు వంట నేర్పింది మా ఆదెమ్మత్త కాదు. మా నాన్న."

"సుందరమ్మా, ఊరుకో," అన్నాడు జ్ఞానయ్య కంగారుగా.

"ఊరుకోను నాన్నా. ఇన్నాళ్ళు ఊరుకుందే చాలు. అత్తయ్యా, మా అమ్మ పోయేనాటికి నాకు ఊహ కూడా సరిగా తెలీదు. పిల్లకి బువ్వ వండేదెవరు, ఇంకోదాన్ని తెచ్చుకోమన్నారు అందరూ. నేనే వండుకుంటా అన్నాడు నాన్న. మొదటిరోజు సంకటి ఉండలు కట్టింది. ఇద్దరం మజ్జిగలో పిసుక్కుని తాగాం. తెల్లారి బావి దగ్గరికెళ్ళి, ఎసరెంత పెట్టాలమ్మా అని ఆడోళ్ళని అడిగాడు. వాళ్ళు నవ్వారు. నవ్వినా అడిగాడు. ఒకరిని పప్పు, ఒకరిని పులుసు, ఒకరిని పచ్చడి. ఇంటికొచ్చి గంప బోర్లించి నన్ను దాని మీద కూచోబెట్టి నేర్పేవాడు. మిరపకాయల ఘాటొస్తే తన తువ్వాలు నా మొహానికి కప్పి, తను దగ్గుతా వేయించేవాడు. ఎంతసేపు వేయించాలో తెలియటానికి ప్రార్థన చెప్పించేవాడు. మీరు భక్తి అనుకున్నది అదే అత్తయ్యా. నేను ప్రార్థన నేర్చుకుంది గుళ్ళో కాదు, మా నాన్న పొయ్యి దగ్గర. అట్టాంటి మనిషిని ఇవాళ..."

అందరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి.

"చూశావా రూతమ్మా!" రాజరత్నమ్మ అందుకుంది. "సంబంధం కలుపుకునేటప్పుడే ఇంత అబద్ధమా! ఇంకా ఎన్ని దాచారో ఏందో!"

జ్ఞానయ్య లేచి ఎంగిలిచెయ్యి వెనక్కి పెట్టుకుని తలొంచి నిలబడ్డాడు. "తప్పు నాది చెల్లెమ్మా. పిల్లని ఏమీ అనబాకండి. నేను ఈ బస్సుకే వెళ్ళిపోతా. మళ్ళీ ఈ గడప తొక్కమన్నప్పుడే తొక్కుతా. దాన్ని మాత్రం..."

"కూచోండి అన్నయ్యగారూ," అంది రూతమ్మ. "కంచం ముందు నుంచి లేస్తారా ఎవరన్నా? రాజరత్నమ్మా, నువ్వు కాసేపు నోరు మూసుకో."

రాజరత్నమ్మ కంచంలోకి తల దించుకుంది.

"మా ఆయన పోయినప్పుడు నా కొడుకు చంకలో ఉన్నాడు," రూతమ్మ గొంతు మొదటిసారి తగ్గింది. "పొలం బీడు పెట్టలేక నేనే అరక కట్టి దున్నా. ఊరంతా ఏమంది? రూతమ్మ మగాడికి తీసిపోదంది. నువ్వు కూడా అన్నావు రాజరత్నమ్మా. ఆ మాట చెప్పుకుని ఇన్నేళ్ళు తలెత్తుకు తిరిగా. ఆడదాన్ని నేను అరక పడితే మెచ్చుకున్నారు. బిడ్డ కోసం ఈయన గరిటె పడితే నవ్వారు. అక్కడ నవ్వింది వాళ్ళు, ఇక్కడ నవ్వింది మనం. సిగ్గుండాల మనకి."

తర్వాత కోడలి వైపు తిరిగింది. "నాకు కోపం లేదనుకోబాక. నాన్న నేర్పాడని కాదు నా కోపం. పొయ్యి రాజెయ్యటం రాదన్నావు చూడూ, ఆ మాటకి. రేపు నా కొడుకు పదిమందిలో నిలబడి మా అమ్మ అరక పట్టలేదంటే నేనేమైపోవాలే?"

సుందరి పరిగెత్తినట్టే వచ్చి తండ్రి మోకాళ్ళ దగ్గర కూలబడింది. "నాన్నా, నన్ను తిట్టు నాన్నా. ఒక్క మాటన్నా అను."

"పిచ్చితల్లీ, ఏమంటానే," అన్నాడాయన. కుడిచెయ్యి ఎంగిలి, ఎడంచేత్తో తల నిమిరాడు. ఆ చేతి మీద పాత కాలిన మచ్చలు రూతమ్మ అప్పుడు చూసింది. చూసి, ముక్కు చీదుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జ్ఞానయ్యని బస్సెక్కనివ్వలేదు. మర్నాడు గుడి నుంచి రాగానే రూతమ్మ కోడిని కోయించి, పొయ్యి ముందు పీట వేసి, "ఇవాళ వంట మీది, తినటం మాది," అంది. ఆయన వద్దమ్మా వద్దమ్మా అంటూనే తువ్వాలు నడుముకి బిగించాడు. రాత్రే ఇంటికొచ్చిన దేవదాసు గుమ్మంలో నిలబడి వింతగా చూస్తుంటే, "ఒరేయ్, చూస్తావేంది? మీ మామ పక్కన కూచుని ఉల్లిపాయలు తరుగు. నేర్చుకుంటే చేతులేం అరిగిపోవు," అని అరిచింది. పొయ్యి ముందు జ్ఞానయ్య మొహం నిన్నటి మొహంలా లేదు. పొగకి కళ్ళు మండుతున్నా నవ్వుతున్నాడు. మధ్యమధ్యలో "సుందరమ్మా, ధనియాలు," అని చెయ్యి చాపుతున్నాడు, సుందరి ఆ మాట పూర్తి కాకముందే అందిస్తోంది.

కోడి పులుసు మొదట రూతమ్మ కంచంలో పడింది. అందరూ ఆవిడ మొహం వంకే చూస్తున్నారు. ఆవిడ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలింది.

"కారం ఎక్కువైంది," అంది.

జ్ఞానయ్య చేతిలో గరిటె ఆగింది. రూతమ్మ కారానికి ఉస్సుఉస్సుమంటూ, కళ్ళు తుడుచుకుంటూ, కంచం ముందుకి జరిపింది.

"ఇంకొంచెం వెయ్యి అన్నయ్యా. ఇకనుంచి నీకు ఒంటరి కూడు లేదు. పనుల్లేని రోజుల్లో ఇక్కడికి రా. తినేవాళ్ళం మేమున్నాం."

సుందరి నాన్న చేతిలోంచి గరిటె తీసుకుని, దేవదాసు పక్కన కూచోబెట్టి, కంచం పెట్టి తనే వడ్డించింది. జ్ఞానయ్య తలొంచుకుని తిన్నాడు. కంచం ఖాళీ చేసి, కొంచెం సిగ్గుపడుతూ, "ఇంకాస్త అన్నం పెట్టమ్మా, ఆకలిగా ఉంది," అన్నాడు. సుందరి ఏడుస్తూనే పెట్టింది.